చెంపలు రెండు, నుదురు ఒకటి

గేటు గడియ టక్కుమంది. లలితాంబ పొయ్యి మీద పులుసు అలాగే వదిలేసి, చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వెనక గదిలోకి పరిగెత్తింది.

“ఎవరో వస్తున్నారు. లేవండి, లేవండి!”

భావనారాయణ లేవలేదు. ఒళ్ళో గోధుమరంగు బొచ్చుగుడ్డ ముక్కలు, పెదాల మధ్య రెండు గుండుసూదులు. ఆ సూదులతోనే మాట్లాడాడు. “ఒక్క నిమిషం. ముక్కు దగ్గరున్నా.”

“ముక్కూ లేదు, మూతీ లేదు. ముందు లేవండి బాబూ!”

ఆయన ఒళ్ళో ముక్కల్ని పళ్ళెంలోకి ఎత్తి, పళ్ళెం తీసుకెళ్ళి మంచం కిందకి తోసింది. ఆయన లుంగీకి అంటుకున్న బొచ్చు దులిపింది. జగ్గయ్యపేట హైస్కూల్లో పిల్లల్ని గడగడలాడించిన లెక్కల మేస్టారు, దొంగసరుకుతో పట్టుబడ్డ వాడిలా, పెరటి గుమ్మంలోంచి బయటికి నడిచాడు. రోజూ జరిగే భాగోతమే ఇది. ఇద్దరికీ అలవాటైపోయింది.

వచ్చింది ఆండాళమ్మ. బట్టల కొట్టు కోటిలింగం గారి భార్య. ఊళ్ళో మహిళా మండలికి అధ్యక్షురాలు. ఆవిడ వచ్చిందంటే ముందు గొంతు వస్తుంది, తర్వాత మనిషి వస్తుంది.

“వదినగారూ! వేదాద్రి వెళ్ళొచ్చాం, ఇదిగో స్వామి ప్రసాదం. ఇంకో శుభవార్త. కూర్చుంటే చెప్తా.”

కూర్చుంది తనే. ఫోను తీసి ముందుకి చాపింది. ఫోనులో ఒక ఫ్లెక్సీ. దాని మీద ఎవరి పెళ్ళిలోనో తీసిన లలితాంబ ఫొటో, చుట్టూ టెడ్డీబేర్లు. కింద పెద్ద అక్షరాలతో ఉంది: ‘హస్తకళా నిపుణురాలు శ్రీమతి లలితాంబ గారిచే ప్రత్యక్ష ప్రదర్శన.’

“ఆదివారం నందిగామలో చుట్టుపక్కల మండళ్ళన్నీ కలిపి వార్షికోత్సవం. మీరు స్టేజీ మీద కూర్చుని టెడ్డీ తలకాయ కుట్టి చూపించాలి. మా నిఖిత మీ చేతుల్ని ఫోన్లో తీసి పెద్ద తెర మీద వేస్తుంది. అందరూ తలకాయ ఎలా కుడతారు, ఎలా కుడతారు అని నా ప్రాణం తీస్తున్నారు వదినగారూ. ఏమంటారు?”

“అలాగే,” అంది లలితాంబ.

అనేశాక నాలిక్కరుచుకుంది. కానీ ఆ నోరు అంతే. నిరుడు వేసవిలో ఇదే ఆండాళమ్మ టీవీ పక్కనున్న బేర్‌ని ఎత్తుకుని, “ఎంత ముద్దుగా ఉందో! ఎవరు కుట్టారు?” అంటే, ఆలోచించకుండా “నేనే” అనేసింది. మరేం చెప్తుంది? రిటైరైన మగాడు, నలుగురూ మేస్టారూ అని చేతులెత్తి దండం పెట్టే మనిషి, కాలు మీద కాలేసుకుని కూర్చుని బొమ్మలు కుడుతున్నాడని చెప్పుకోవడమా? మనవరాలు అపూర్వ బొమ్మకి మెడ ఊడిపోతే, చదునుగా ఉండే గుడ్డ గుండ్రంగా ఎలా తిరిగిందో చూద్దామని విప్పి కూర్చున్నాడు మహానుభావుడు. కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. ఆండాళమ్మ కోడలు నిఖిత ఆ బొమ్మలకి ఫొటోలు తీసి ఇన్‌స్టాలో పెట్టింది. అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. అడిగినప్పుడల్లా ‘లలితాంబ ఆంటీ’ పేరే. అబద్ధం ఒకసారి ఆడింది. తర్వాత అది దానంతటదే తిరిగింది.

ఆండాళమ్మ వెళ్ళాక ఆయన లోపలికొచ్చాడు. మంచం కింద నుంచి పళ్ళెం లాక్కుని ఎక్కడ ఆపాడో వెతుక్కుంటున్నాడు.

“ఆదివారం నేను స్టేజీ మీద తలకాయ కుట్టాలట,” అంది.

ఆయన తలెత్తలేదు. “మరి కుట్టు.”

“నాకొచ్చా?”

“నువ్వేగా కుట్టేది. ఊరంతా అంటోంది.”

అందులో ఎత్తిపొడుపు ఉందో లేదో ఆయన మొహం చూస్తే తెలియలేదు. ముప్పై ఏళ్ళ పైన లెక్కలు చెప్పిన మొహం అది. చూసి ఏదీ కనిపెట్టలేం. కాసేపటికి పక్కన చాప దులిపి పరిచాడు.

“పులుసు దించేసి రా,” అన్నాడు. “మొదలెడదాం.”

*

తలకాయకి ముక్కలు మూడే. చెంపలు రెండు, నుదురు ఒకటి. చెంపలు ఒకదానికొకటి అద్దంలో చూసినట్టుండాలి. నుదురు పొడుగాటి పట్టీ. ముక్కు దగ్గర సన్నంగా మొదలై, నడినెత్తిన వెడల్పై, మెడ వెనక మళ్ళీ సన్నబడుతుంది. ముందు చెంపలు రెండూ కలిపి, ముక్కు కింద నుంచి గడ్డం మీదుగా మెడ దాకా కుట్టాలి. అప్పుడు ఆ చీలిక మధ్యలోకి నుదుటి పట్టీని దింపాలి. పైకి చూస్తే పసిపిల్లలు కూడా చేస్తారనిపిస్తుంది.

“గుడ్డ మీద చెయ్యి నిమిరి చూడు,” అన్నాడు. “బొచ్చు ఎటు పడుకుంటోంది?”

“ఇటు.”

“ముక్కు నుంచి వెనక్కి పడుకోవాలి. ఎదురు పెడితే నిద్రలేచిన మొహంలా ఉంటుంది. ఊఁ, గుండుసూది పెట్టు. ముందు ముక్కు కొస. తర్వాత మెడ. ఆ తర్వాత మధ్యలో. గుడ్డ లాగకు. లాగితే సాగుతుంది, సాగింది మళ్ళీ వెనక్కి రాదు.”

లలితాంబ కుట్టింది. కుట్టు ఆవిడకి కొత్తేం కాదు. వీధిలో సగం మంది చీరలకి ఫాల్ కుట్టిన చెయ్యి. ముక్కు దగ్గర మొదలెట్టి, ఎడం వైపు మెడ దాకా పోయి, దారం తెంపకుండా అటు నుంచి అటే కుడి వైపు ముక్కు దాకా వచ్చేసింది. ఫాల్ కుట్టినట్టే, ఒక్క దారం, ఒక్క చుట్టు. ఎంత త్వరగా అయిపోయిందో అని మురిసిపోయి, మెడ సందులోంచి తిరగేసి, దూది కూరింది.

బేర్ ఆవిడ వంక చూడలేదు. మొహం పక్కకి తిప్పుకుని కిటికీ వంక చూస్తోంది.

“ఇదేంటండీ, అలిగిన మొగుడిలా!”

భావనారాయణ నవ్వాపుకున్నాడు. “వెళ్ళిన దారినే తిరిగొచ్చావు. కుట్టేటప్పుడు పై గుడ్డ కొంచెం కొంచెం ముందుకి పాకుతుంది. ఒక చెంప వెనక్కి పాకింది, రెండోది ముందుకి పాకింది. మెడ తిరిగిపోయింది. రెండు వైపులా ముక్కు దగ్గరే మొదలెట్టాలి. ఒక వైపు మెడ దాకా పోయి దారం తెంపెయ్. మళ్ళీ ముక్కు దగ్గరికొచ్చి రెండో వైపు పో. విప్పు.”

“మొత్తమా?”

“మొత్తం.”

విప్పింది. మళ్ళీ కుట్టింది. ఈసారి ముక్కు దగ్గర మూడు గుడ్డలూ కలిసేచోట పోగై, బొబ్బ లేచినట్టు లేచింది. మళ్ళీ విప్పమన్నాడు. విసుక్కోలేదు. ఆవిడకి అదే ఆశ్చర్యం. ఇంట్లో గ్లాసు జరిగితే కసురుకునే మనిషి, ఇక్కడ ఆవిడ వేలు పట్టుకుని సూది ఎంత వాలుగా దిగాలో చూపిస్తున్నాడు. దారంలో చిక్కుకున్న బొచ్చుని సూదిమొనతో ఒక్కొక్క పోగూ బయటికి లాగి, కుట్టు కనపడకుండా దువ్వుతున్నాడు. ఆ వేళ్ళు సుద్దముక్క తప్ప ఇంకోటి పట్టగలవని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు. ఎన్ని నెలలుగా ఈ పళ్ళేన్ని మంచం కిందకి తోస్తోందో, ఒక్కసారైనా పక్కన కూర్చుని చూడలేదే అనుకుంది.

*

మర్నాడు పొద్దున్నే రత్నబాబు వచ్చాడు. అదే స్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాడు. వారానికి రెండు మూడుసార్లు వచ్చి, వరండాలో కూర్చుని, దేశాన్ని తిట్టి వెళ్తాడు.

“మేస్టారూ! సెంటర్లో ఫ్లెక్సీ చూశా. అక్కయ్యగారు అదరగొట్టేస్తున్నారు! ఇంట్లో ఇంత కళ పెట్టుకుని చెప్పరేంటి మీరు?”

“చెప్పడానికేముంది,” అన్నాడు భావనారాయణ.

“మరి మీ పనేంటి? దూది అందిస్తారా?”

“ఆఁ, అందిస్తా. ఊడిపోయిన బొచ్చు ఊడుస్తా కూడా.”

రత్నబాబు తొడ మీద కొట్టుకుని నవ్వాడు. “మొత్తానికి రిటైరయ్యాక మంచి ఉద్యోగమే దొరికింది మేస్టారూ మీకు!”

భావనారాయణ కూడా నవ్వాడు. కాఫీ గ్లాసులతో గుమ్మంలో నిలబడ్డ లలితాంబకి ఆ నవ్వు కనిపించింది. పళ్ళు కనపడేలా, గట్టిగా, రత్నబాబు నవ్వుకి సరిపడా నవ్వాడు. నవ్వుతూనే చూపుడువేలి కొసని బొటనవేలితో రుద్దుకుంటున్నాడు. ఆ వేలికి సూది గుచ్చుకుని గుచ్చుకుని చర్మం మొద్దుబారి ఉంది. కాఫీ ఇచ్చి లోపలికి వచ్చేసింది. ఏదో తప్పు చేస్తూ దొరికిపోయినట్టుంది ఆవిడకి. పట్టుకున్నవాళ్ళెవరూ లేరు.

రత్నబాబు వెళ్ళేదాకా ఆగింది.

“ఆయన అలా అంటుంటే నవ్వుతారేంటండీ?”

“ఏడవమంటావా?”

“ఒక్క మాట అనొచ్చుగా!”

“ఏమనాలి? మా ఆవిడ అబద్ధం చెప్పిందని అనాలా?”

ఒళ్ళు మండిపోయింది లలితాంబకి. “నాకోసం చెప్పానా నేను? మీ పరువు పోతుందని కాదూ! రేపు పొద్దున నలుగురూ మేస్టారు బొమ్మలు కుట్టుకుంటున్నాడట అని నవ్వితే ఎవరికి తల కొట్టేసినట్టుండేది? మీకు కాదూ?”

ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆవిడా పెంచేది, దాంతో సరిపోయేది.

“నా పరువు గురించి నిన్ను నేనెప్పుడూ అడగలేదు లలితా. నాకు సిగ్గుగా ఉంటే వరండాలో కూర్చుని కుడతానని నీతో మొదట్లో ఎందుకంటాను? అన్నానా లేదా? వెనక గదిలోకి పొమ్మన్నది నువ్వు. గేటు చప్పుడైతే నేనెప్పుడూ ఉలిక్కిపడలేదు. నువ్వే ఉలిక్కిపడ్డావు. సిగ్గు నాది కాదు. నీది.”

అని, లుంగీ సర్దుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

లలితాంబ వంటింట్లోకి వెళ్ళి వంకాయలు ముందేసుకుంది. కోసింది, ఉప్పునీళ్ళలో వెయ్యడం మర్చిపోయింది. ముక్కలు నల్లబడుతుంటే చూస్తూ కూర్చుంది. ముందు కోపం వచ్చింది. ఎంత మాటన్నాడు అనుకుంది. తర్వాత ఏడుపొచ్చింది. ఎందుకంటే నిజమే అన్నాడు. వరండాలో కూర్చుంటానన్నాడు, అవును. ‘మీకేమన్నా మతి పోయిందా’ అని గదిమింది తనే. ఆయన బొమ్మ పూర్తిచేసి తెచ్చి చూపించినప్పుడల్లా ‘బాగుందిలెండి, లోపల పెట్టండి’ అనడమే తప్ప, ఒక్కనాడు చేతిలోకి తీసుకుని చూసిన పాపాన పోలేదు. మొగుడు తాగొస్తే దాచుకునే ఆడవాళ్ళుంటారు. తను మాత్రం మొగుడు చక్కగా పని చేసుకుంటుంటే దాచింది.

మధ్యాహ్నం పాఠం లేదు. సాయంత్రం ఆయనే వచ్చి చాప పరిచాడు.

“కూర్చో. ముక్కు దగ్గర నుంచి.”

ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. శనివారం దీపాలు పెట్టే వేళకి లలితాంబ కుట్టిన తలకాయ మొదటిసారి తిన్నగా ఆవిడ వంక చూసింది. కళ్ళు ఇంకా పెట్టలేదు, అయినా చూసినట్టే ఉంది. భావనారాయణ దాన్ని అటూ ఇటూ తిప్పి, “పాసు,” అన్నాడు.

*

ఆదివారం ఆండాళమ్మ కారు వచ్చింది. ముందు సీట్లో ఆండాళమ్మ, వెనక నిఖితా, శాలువాల మూటలూ, జ్ఞాపికల అట్టపెట్టెలూ.

“అన్నయ్యగారూ, మీరూ వస్తే బాగుండును. ఇరుక్కుని కూర్చోవచ్చు!”

“ఆడవాళ్ళ మీటింగులో నాకేం పనమ్మా,” అన్నాడు ఆయన. లలితాంబ చేతికి స్వీటు డబ్బా ఒకటి ఇచ్చాడు. “ముక్కలు ఇందులో సర్దా. స్టేజీ మీద తీసుకో.”

కారు చిల్లకల్లు దాటి హైవే మీద పోతుంటే, ఉండబట్టలేక డబ్బా మూత తీసింది. లోపల రెండు తలకాయలున్నాయి. ఒకదానికి చెంపలు కలిపి, గడ్డం కుట్టి, నుదుటి పట్టీకి గుండుసూదులు గుచ్చి, ఒక వైపు మెడ దాకా కుట్టేసి ఉంది. మిగిలింది ఒక్క వైపే. కళ్ళు మూసుకుని కుట్టొచ్చు. రెండోది పూర్తయిన తలకాయ. కళ్ళూ, నల్లదారంతో అల్లిన ముక్కూ, సరిగ్గా ఎత్తులో కూర్చున్న చెవులూ. టీవీలో వంటలవాళ్ళు ముందే వండి పెట్టుకున్న గిన్నె తీసినట్టు, ఇది తీసి చూపిస్తే చాలు. తెల్లారకముందే లేచి కుట్టి ఉంటాడు. ఆవిడ దొరికిపోకూడదని. ఎవరూ వేలెత్తి చూపించకూడదని.

“ఏంటి ఆంటీ, టెన్షన్‌గా ఉందా?” అంది నిఖిత.

“లేదమ్మా,” అంది. నిజంగానే భయం పోయింది. భయం ఉన్నా బాగుండేది. దాని చోట ఇంకేదో వచ్చి కూర్చుంది.

నందిగామలో కల్యాణమండపం కిటకిటలాడుతోంది. స్టేజీ మీద బల్ల, బల్ల ముందు లలితాంబ. నిఖిత ఫోను ఆవిడ వేళ్ళ మీదకి వంచి పట్టుకుంది. వెనక తెర మీద ఆ వేళ్ళు దూలాలంత అయ్యాయి. లలితాంబ సూది తీసుకుని ముక్కు దగ్గర మొదలెట్టింది. వాలుగా దించి, వెనక్కి తీసి, మళ్ళీ దించి. గుడ్డ లాగలేదు.

ముందు వరసలోంచి ఒకామె లేచింది. “ఏవండీ, ఇటు మెడ దాకా వచ్చాక అటు నుంచే కుట్టుకుంటూ పోతే సరిపోదా? మళ్ళీ ముక్కు దగ్గరికి ఎందుకు?”

“మెడ తిరిగిపోతుందమ్మా,” అంది లలితాంబ మైకులో. “పై గుడ్డ పాకుతుంది. రెండు వైపులా ఒకే దిక్కు నుంచి కుడితే రెండూ సమానంగా పాకుతాయి. లేకపోతే బొమ్మ అలిగి పక్కకి చూస్తుంది.”

హాలంతా నవ్వి చప్పట్లు కొట్టింది. కుట్టు పూర్తయింది. డబ్బాలోంచి రెండో తలకాయ తీసి, ఎత్తి చూపించింది. తెర మీద ఆ మొహం ఇంత పెద్దదై, ఒక్కసారి అందరూ “అబ్బా!” అన్నారు. అయిపోయింది. గట్టెక్కింది. ఇక దండం పెట్టి దిగిపోవడమే.

ఆండాళమ్మ శాలువా కప్పి మైకు అందుకుంది. “చూశారా! మన ఆడవాళ్ళ చేతుల్లో ఉన్న ఓపిక అదీ! అన్నయ్యగారు లెక్కల్లో ఎంత పండితుడైనా, సూదిలో దారం ఎక్కించమంటే ఎక్కించగలరా? మగాళ్ళ వల్ల అవుతుందా ఇది?”

“అవదు!” అని అరిచారు ఆడవాళ్ళు, పడీపడీ నవ్వుతూ.

ఆ నవ్వుల్లో లలితాంబకి ఆయన కనిపించాడు. హాలు చివర, తలుపు పక్కన, కార్ల డ్రైవర్ల మధ్య నిలబడి ఉన్నాడు. రానన్నవాడు బస్సెక్కి వచ్చాడు. తెల్లచొక్కా చెమటకి ఒంటికి అంటుకుపోయింది. చేతులు నెత్తి మీదకెత్తి చప్పట్లు కొడుతున్నాడు. మొన్న రత్నబాబు ముందు నవ్విన నవ్వు కాదు. ఈసారి మొహమంతా వెలిగిపోతోంది. ఆవిడ కుట్టు తిన్నగా వచ్చిందని ఆ సంతోషం.

లలితాంబ వల్ల కాలేదు.

“ఆ మైకు ఒకసారి ఇటివ్వండి,” అంది.

“మాట్లాడతారా వదినగారూ? మాట్లాడండి, మాట్లాడండి!”

“ఇది నేను కుట్టింది కాదు.” గొంతు తనది కాదనిపించింది, స్పీకర్లలోంచి వస్తుంటే. “ఇదే కాదు. ఇన్నాళ్ళూ మీరు చూసినవి ఒక్కటీ నేను కుట్టలేదు. నేను నేర్చుకున్నదే మొన్న. అబద్ధం చెప్పాను. బొమ్మలు కుట్టేది మావారు.”

ఫోను పట్టుకున్న నిఖిత చెయ్యి పక్కకి వాలిపోయి, తెర మీద ఎవరి చీర అంచో కనపడింది. ఎక్కడో ఒకామె కిసుక్కుమంది, పక్కామె “మేస్టారా?” అంది. ఆండాళమ్మ మొహంలో రంగులు మారాయి. కానీ ఎంత సభలు నడిపిన మనిషి! వెంటనే మైకు ముందుకి వంగింది.

“మావారు, మావారంటే ఎవరికి తెలుస్తుంది? పేరు చెప్పాలి! ఏమ్మా, చెప్పొద్దూ?”

“చెప్పాలి! చెప్పాలి!” అని హాలంతా అందుకుంది, పెళ్ళికూతుర్ని గడపలో ఆపినట్టు.

లలితాంబ ఆయన పేరు ఎన్నడూ పలికి ఎరగదు. కొత్తకోడలిగా గడప దాటేటప్పుడు నోట్లో నోట్లో గొణిగి తప్పించుకుంది. ఆసుపత్రి చీటీ రాయించేటప్పుడు పిల్లల చేత చెప్పించింది. పిల్లలు లేనప్పుడు ఆధార్ కార్డు చూపించింది. ఆ పేరున్న దేవుడికి దండం పెట్టాల్సొచ్చినా ‘స్వామీ’ అనే అంది. ఇప్పుడు మైకు రెండు చేతులా పట్టుకుంది. తలుపు వంక చూసింది. ఆయన చప్పట్లు ఆపేశాడు. ఎత్తిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గుండెల దగ్గర ఆగిపోయాయి. పారిపోతాడేమో అనుకుంది.

“భావనారాయణ,” అంది. సరిగ్గా వినపడలేదేమోనని మైకు దగ్గరికి లాక్కుని, ఈసారి గట్టిగా, బడిలో పంతులు పిలిచినట్టు పిలిచింది. “భావనారాయణ గారు!”

ఆడవాళ్ళు కేకలేశారు. అందరి తలలూ వెనక్కి తిరిగాయి. పక్కనున్న డ్రైవర్లు రెండడుగులు జరిగి ఆయన్ని ఒక్కణ్ణీ వదిలేశారు.

భావనారాయణ పారిపోలేదు. అన్నేళ్ళు పొద్దున్నే హాజరు పుస్తకం తెరిచి పిల్లల పేర్లు పిలిచిన మనిషికి, పిలిస్తే ఏం చెయ్యాలో ఆ క్షణాన ఇంకేం తోచలేదు కాబోలు. చొక్కా గుండీ సర్దుకున్నాడు. సూదిపోట్లున్న ఆ కుడిచెయ్యి పైకెత్తాడు. పెదాలు కదిలాయి. అంత గోలలో మాట స్టేజీ దాకా రాలేదు గానీ, లలితాంబకి అర్థమైంది.

“ఉన్నానండి,” అన్నాడు.